కొయ్యగుర్రం కడుపులో తీగచుట్ట: చదరంగపు బల్లకో సింహావలోకనం

1964లో ఎడింబరోలో పాత వస్తువుల వ్యాపారి ఒకాయన 5 పౌండ్లు పెట్టి చిన్న దంతపు బొమ్మ కొన్నాడు. జానెడు ఎత్తయినా లేదు. గడ్డం, డాలు, కత్తి ఉన్న సిపాయి. అదేమిటో ఆయనకు అంతు చిక్కలేదు, ఆయన తర్వాత ఇంట్లో వాళ్ళకూ చిక్కలేదు. 2019లో సదబీస్ వేలంలో అదే బొమ్మ 7,35,000 పౌండ్లకు పోయింది. స్కాట్లండ్ పడమటి దీవుల్లో, లూయిస్ అనే చోట 1831లో బయటపడ్డ మధ్యయుగపు చదరంగపు పావుల్లో తప్పిపోయిన ఏనుగు అది. మనం ఏనుగు అని పిలిచే పావుని ఆ చెక్కినవాళ్ళు కోట కాపలా సిపాయిగా చేశారు. వాల్రస్ దంతం మీద, బహుశా నార్వేలోనే ఆ పని జరిగి ఉంటుందని పండితుల అంచనా.

ఆ పావులు చూడముచ్చటగా ఉంటాయి. రాణి చెంపకి చెయ్యి ఆనించుకుని దిగులుగా కూర్చుంటుంది, ఓ సిపాయి తన డాలునే కొరుకుతుంటాడు. కానీ వాటితో గంట సేపు ఆడమంటే మాత్రం నాకు మనసొప్పదు. ఎదురుగా ఇన్ని మొహాలు కనిపిస్తుంటే ఎత్తు మీద దృష్టి ఎక్కడ నిలుస్తుంది? చదరంగపు సరంజామా చరిత్రను వెయ్యేళ్ళ మేర వెనక్కి తిరిగి చూస్తే, రెండు రకాల కొనుగోలుదారుల మధ్య నడిచిన పెనుగులాటగా అది కనిపిస్తుంది. ఒకరు చూసుకోవడానికి కొంటారు, ఒకరు ఆడుకోవడానికి కొంటారు. డబ్బు ఎక్కువగా మొదటివాళ్ళ దగ్గరే ఉండేది. అయినా గెలిచింది రెండోవాళ్ళు. ఎలక్ట్రానిక్ బల్లల విషయంలోనూ కథ అలాగే నడిచింది.

మన దేశంలో చతురంగంగా పుట్టి, పారశీకం మీదుగా అరబ్బు నేలకు చేరిన ఆట అక్కడ బొమ్మల రూపం వదిలేసింది. నిషాపూర్‌లో దొరికి ఇప్పుడు న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలో ఉన్న 12వ శతాబ్దపు పావుల్లో మనిషీ లేడు, జంతువూ లేదు. గుమ్మటాలు, చిన్న కొమ్ములు, ఓ చీలిక, అంతే. మతపరమైన బిడియం అందుకు ఒక కారణమని చెబుతారు. నాకు మాత్రం అంతకన్నా మామూలు కారణం కనిపిస్తుంది. అలాంటి పావు తయారీ తేలిక, విరిగేదీ తక్కువ, చేతికి గుచ్చుకోదు. సంతలో కొనుక్కుని నలుగురితో ఆడేవాడికి ఇంకేం కావాలి?

చూసుకోవడానికి కొనేవాళ్ళ సంగతికొస్తే, వాళ్ళ స్వర్ణయుగానికి మన నేల కూడా సాక్షి. 18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దం మొదట్లో ఈస్టిండియా కంపెనీ దొరలు స్వదేశానికి పట్టుకెళ్ళిన ఖరీదైన జ్ఞాపికల్లో దంతపు చదరంగాలు చాలా ఉన్నాయి. బెంగాల్‌లో ముర్షిదాబాద్ పక్కనున్న బర్హంపూర్ పనివాళ్ళు ఒక పక్షాన కంపెనీ సైన్యాన్నీ, మరో పక్షాన దేశీయ రాజు సైన్యాన్నీ చెక్కారు. అంబారీ కట్టిన ఏనుగులు, తుపాకులు పట్టుకున్న సిపాయిలు, అన్నీ ఉంటాయి. వేలం కేంద్రాల్లో వీటిని ‘జాన్ కంపెనీ’ సెట్లని పిలుస్తారు. ఓడిపోయిన దేశాన్ని బల్ల మీద పెట్టుకుని మళ్ళీ మళ్ళీ ఓడించే వినోదం అది. ఎత్తు వెయ్యబోతే పక్క గడిలో అంబారీ తగులుతుంది.

విశాఖపట్నం పని వేరు. 1756లోనే అక్కడి దంతపు పొదుగుడు పనిని మేజర్ జాన్ కార్నీల్ అనే సైనికాధికారి తన రాతల్లో మెచ్చుకున్నాడు. గంధపు చెక్క మీదా రోజ్‌వుడ్ మీదా పలచని దంతపు రేకులు అతికి, వాటి మీద సన్నగా గీతలు చెక్కి, ఆ గీతల్లో నల్లలక్క నింపేవారు మన కంసాలులు. 1781లో ఇంగ్లండు రాజు మూడో జార్జి తన రాణి షార్లెట్ కోసం కొన్న దంతపు కుర్చీలు ఈ పనితనానివే. ఆ చేతులే చదరంగాలూ చేశాయి. మూసిపెడితే పెట్టె, తెరిస్తే పైన చదరంగం గళ్ళు, లోపల బ్యాక్‌గామన్ గళ్ళు. పావులేమో సన్నటి కాడల మీద ఆకుల కిరీటాలతో, జాలీ పనితో పూలకొమ్మల్లా నిలబడతాయి. ఒక పక్షాన్ని దంతపు తెలుపులోనే వదిలి, రెండో పక్షానికి రంగు పట్టించేవారు. బెంగాల్ సిపాయిల కన్నా ఇవి ఆటకు కాస్త దగ్గర. కనీసం వరుసలో ఒకదానికొకటి తగలకుండా నిలుస్తాయి. అయినా చిటికెన వేలంత సన్నని కాడను పట్టుకుని అవతలివాడి గుర్రాన్ని కొట్టాలంటే, గెలుపు కన్నా ముందు విరుగుతుందేమోనన్న భయం పుడుతుంది. ఇప్పుడవి మ్యూజియం అద్దాల వెనకా, లండన్ వేలం జాబితాల్లోనూ తప్ప కనబడవు. 1989లో దంతపు అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించాక, పాతవాటిని కొనడానికి కూడా కాగితాలు కావాలి.

యూరప్ కాఫీ కొట్లలో ఆడేవాళ్ళకు అంత సొమ్ము లేదు. పారిస్‌లో కఫే ద లా రెజాన్స్‌లో ఫిలిడోర్ ఆడిన రోజుల నుంచి అక్కడి వాళ్ళు వాడినవి ‘రెజాన్స్’ పావులు. లండన్ క్లబ్బుల్లో ‘సెంట్ జార్జ్’, ఇళ్ళల్లో ‘బార్లీకార్న్’. అన్నీ లేత్ మీద తిప్పినవే. ఊరూరికీ వేరు రూపం కావడమే చిక్కు. రెజాన్స్ పావుల్లో మంత్రికీ శకటుకీ తేడా, అలవాటు లేని కంటికి ఆనదు. అడుగు చిన్నది, నడుము సన్నం, తల బరువు కనక మోచెయ్యి తగిలితే సగం సైన్యం నేలకూలుతుంది. రైళ్ళు వచ్చి ఒక దేశం ఆటగాడు ఇంకో దేశం పోయి ఆడే రోజులు మొదలయ్యాక ఇది నిజంగానే ఇబ్బందైంది. 1843లో హోవర్డ్ స్టాంటన్ అనే ఆంగ్లేయుడు పారిస్ వెళ్ళి ఫ్రెంచ్ ఆటగాడు సెంట్ అమాన్‌ని ఓడించి వచ్చాడు. అంత పెద్ద పోటీకి కూడా, పావులు ఇలా ఉండాలన్న కట్టుబాటేదీ లేదు.

ఆ చిక్కు 1849లో తీరింది. ఆ ఏడు మార్చి 1న నథానియల్ కుక్ అనే లండన్ ప్రచురణకర్త ఒక పావుల నమూనాని తన పేర నమోదు చేయించుకున్నాడు. లండన్‌లో జాక్స్ అనే ఆటవస్తువుల సంస్థ దాన్ని తయారుచేసి, శరదృతువుకల్లా మార్కెట్లోకి దించింది. ఆ పావుల రూపంలో కొత్తగా కనిపెట్టిందంటూ పెద్దగా లేదు. రాజుకి కిరీటం మీద శిలువ, మంత్రికి కోసుల కిరీటం, శకటుకి మతాచార్యుడి టోపీ చీలిక, ఏనుగు స్థానంలో కోట బురుజు, బంటుకి గుండ్రని తల. ఎవరైనా ఒక్క చూపులో పోల్చుకోగల గుర్తులు. గుర్రం మాత్రం అసలైన శిల్పం. ఏథెన్స్ పార్థెనాన్ గుడి నుంచి ఎల్గిన్ ప్రభువు పట్టుకొచ్చి బ్రిటిష్ మ్యూజియంలో చేర్చిన పాలరాతి గుర్రాలే దానికి మూలమంటారు. అడుగు వెడల్పు, లోపల సీసం. బాక్స్‌వుడ్ తెల్లవాటికి, ఎబొనీ నల్లవాటికి.

అమ్మిన తీరు మాత్రం ఆ నమూనా అంత అమాయకంగా లేదు. స్టాంటన్ అప్పటికి దేశంలో అందరికన్నా పేరున్న ఆటగాడు. ‘ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్’లో చదరంగం శీర్షిక రాసేవాడు. ఆ పత్రిక యజమాని ఇంగ్రామ్‌తో కలిసి పుస్తకాల వ్యాపారం చేసింది ఈ కుక్కే. పెట్టెల మీద స్టాంటన్ సంతకంతో చీటీలు అంటించారు. పత్రికలో ప్రకటన వేశారు, అదే పత్రిక శీర్షికలో ఆ పావుల్ని పొగిడారు. గీసినవాడు కుక్, చేసింది జాక్స్, నిలిచిన పేరు స్టాంటన్‌ది. సినిమా తారల చేత సబ్బులమ్మించడం కన్నా చాలా ముందే జరిగిన ముచ్చట ఇది. అయితే ప్రకటన బలంతో ఒక సరుకు పదేళ్ళు నడుస్తుందేమో గానీ నూట డెబ్బై ఏళ్ళు నడవదు. 1851లో లండన్ ప్రపంచ ప్రదర్శన వేళ మొట్టమొదటి అంతర్జాతీయ టోర్నమెంటు జరిగింది. స్టాంటన్ దాన్ని నిర్వహించి, తానే ఆడి, నాలుగో స్థానంలో మిగిలాడు. గెలిచినవాడు జర్మనీ నుంచి వచ్చిన ఆండర్సన్. ఆటగాడిగా స్టాంటన్ వెలుగు అక్కడి నుంచి తగ్గింది. ఆయన పేరు పెట్టుకున్న పావులు మాత్రం ఊపిరి పోసుకున్నాయి.

జాక్స్ పావుల్లో ఓ చిన్న వివరం నాకు ఇష్టం. రాజు పక్కనుండే గుర్రం మీదా ఏనుగు మీదా ఎర్రరంగుతో చిన్న కిరీటం ముద్ర వేసేవారు. అప్పటి ఆంగ్ల పద్ధతిలో ఎత్తుల్ని ‘రాజు వైపు గుర్రం’, ‘మంత్రి వైపు ఏనుగు’ అంటూ రాసేవాళ్ళు కనక, ఆట మధ్యలో ఏది ఏ వైపుదో తెలియాలి. ఆ రాతపద్ధతి పోయి అక్షరమూ అంకే మిగిలాయి. కానీ పాత సెట్లు కొనేవాళ్ళు భూతద్దం పెట్టి మొదట వెతికేది ఆ ఎర్ర కిరీటాన్నే. నకలు తయారీదార్లు దాన్ని కూడా ఎంచక్కా ముద్రిస్తున్నారు.

స్టాంటన్ తర్వాత కొత్త రూపాలు రాలేదని కాదు. సోవియట్ దేశంలో చదరంగం ప్రజల ఆటైనప్పుడు ఫ్యాక్టరీలు వేసిన పావులు పొడుగ్గా, తేలిగ్గా, ఖరీదు లేకుండా ఉండేవి. గుర్రం మీద అంత పని పెట్టలేదు. ఇప్పుడు వాటికీ అభిమానులున్నారు, ఆ రూపాలకు మళ్ళీ నకళ్ళు పుట్టుకొచ్చాయి. 1950లో డుబ్రోవ్నిక్‌లో ఒలింపియాడ్ జరిగినప్పుడు యుగోస్లావియా చేయించిన సెట్టు మరో మెట్టు. రాజు మీద శిలువ తీసేసి, పొట్టిగా, దృఢంగా, అనవసరపు అంచులేవీ లేకుండా గీశారు. బాబీ ఫిషర్‌కి అది తెగ నచ్చింది. పావుల సంగతి అటుంచి కుర్చీ, దీపం, కెమెరా, అన్నిటి మీదా పేచీ పెట్టే మనిషి మెచ్చాడంటే దాని విలువ వేరే చెప్పక్కర్లేదు. 2013 లండన్ కాండిడేట్స్ పోటీలకు డేనియల్ వీల్ అనే రూపశిల్పి కొత్త సెట్టు గీశాడు. వరసలో నిలబెడితే పావుల ఎత్తులు పార్థెనాన్ గుడి కప్పు వాలుని పోలి దిగుతాయి. నూట అరవై ఏళ్ళ తర్వాత కూడా గీసేవాళ్ళ చూపు ఆ ఏథెన్స్ గుడినే వెతుక్కుంటోంది.

1924లో పారిస్‌లో పుట్టిన ఫిడే, అంటే అంతర్జాతీయ చదరంగ సమాఖ్య, చివరికి వీటిని కొలతలుగా మార్చింది. రాజు ఎత్తు 9.5 సెంటీమీటర్ల దగ్గర, మంత్రి 8.5, శకటు 7, గుర్రం 6, ఏనుగు 5.5, బంటు 5. అడుగు వెడల్పు ఎత్తులో నలభై నుంచి యాభై శాతం. పూత మెరవకూడదు, రంగులు ఒకదానికొకటి స్పష్టంగా వేరుగా ఉండాలి. గడి పక్కభాగం ఐదు నుంచి ఆరు సెంటీమీటర్లు. దుకాణంలో టేపు లేకపోతే బంట్లతోనే కొలవచ్చు. ఒక గడిలో నాలుగు బంట్లు ఇమిడితే పావులకూ బల్లకూ జత కుదిరినట్టు. మన ఊళ్ళలో జత కుదరని సెట్లే ఎక్కువ అమ్ముతారు. పావులొక చోట, బల్ల ఒక చోట కొని ఒక పెట్టెలో పెట్టేస్తే ఇంకేమవుతుంది?

అసలు ఈ చెక్క పావులు ఎక్కడ తయారవుతున్నాయన్నది చాలామందికి తెలియని సంగతి. యూరప్‌లో, అమెరికాలో ఏ గొప్ప పేరుతో అమ్మినా, చేతితో చెక్కిన సెట్టు అయితే దాని జన్మస్థలం అమృత్‌సర్ అయ్యే అవకాశమే ఎక్కువ. అక్కడ దంతపు చెక్కడం చేసిన కుటుంబాల చేతులు దంతం కరువయ్యాక కొయ్య వైపు మళ్ళాయి. రాజు, మంత్రి, శకటు, ఏనుగు, బంటు, అన్నీ లేత్ మీద తిరిగి వచ్చేవే. వాటి వరకు, అంకుడు కర్రను తరిణె పట్టి లక్కపూత వేసే మన ఏటికొప్పాక పనివాళ్ళకి కూడా ఇదంతా వింతేం కాదు. లేత్‌కి లొంగనిది గుర్రం ఒక్కటే. దవడ, జూలు, ముక్కుపుటాలు, పళ్ళు, ఒక్కొక్కటీ ఉలితో తీయాలి. గుర్రం చెక్కే పనివాడు వేరు, వాడి కూలీ వేరు. అందుకే సెట్టు ధర అడిగేముందు గుర్రాన్ని చేతిలోకి తీసుకుని చూడమంటారు. నాలుగు గుర్రాలూ ఒకే మొహంతో ఉన్నాయా, జూలు వెనక వైపు కూడా చెక్కారా, లేక ముందు మాత్రం మెరిపించి వెనక వదిలేశారా? మిగతా ఇరవై ఎనిమిది పావులూ ఏం చెబుతాయో గుర్రం ముందే చెప్పేస్తుంది.

కొయ్య విషయంలో బుద్ధిగా ఉండాల్సింది కొనేవాడే. తెల్ల పావులకు బాక్స్‌వుడ్. నల్లవాటికి ఎబొనీ ఖరీదు, షీషమ్ చవక, మధ్యలో రోజ్‌వుడ్ రకాలు. ‘ఎబొనైజ్డ్’ అని రాసి ఉంటే అది ఎబొనీ కాదు, నల్లరంగు వేసిన బాక్స్‌వుడ్. అందులో తప్పేం లేదు. నిజానికి ఎబొనీ కన్నా అది తక్కువ పగులుతుంది. ఎబొనీ పగిలేది కొంత మన వాతావరణం వల్ల, కొంత లోపలి బరువు వల్ల. ఎండలకు కొయ్య కుంచించుకుపోతుంది, లోపలి లోహం కుంచించుకోదు, మొదటి బీట అడుగు దగ్గరే వస్తుంది. ఏసీ గదిలో నెలల తరబడి ఉంచిన సెట్టుకీ ఇదే గతి పట్టవచ్చు. ‘డబుల్ వెయిటెడ్’, ‘ట్రిపుల్ వెయిటెడ్’ అన్న మాటలకు ఒప్పుకున్న కొలతంటూ ఏదీ లేదు. ఒక కంపెనీ ట్రిపుల్ ఇంకో కంపెనీ డబుల్ కన్నా తేలిగ్గా ఉండొచ్చు. మొత్తం బరువు గ్రాముల్లో అడగండి. అడుగున ఫెల్ట్ గుడ్డ అంచుకి సరిగ్గా కోసి ఉందో లేదో చూడండి. పావుని కాస్త వాలుగా నెట్టి వదిలితే తిరిగి నిటారుగా నిలబడాలి.

ఇందులో తెలుగువాళ్ళకు బాగా తెలిసిన కొయ్య ఒకటుంది. ‘రెడ్ శాండల్‌వుడ్ సెట్’ అని నెట్‌లో ఎన్ని కనిపిస్తాయో చెప్పలేం. ఎర్రచందనం పెరిగేది మన శేషాచలం, పాలకొండల చుట్టూ. 1995 నుంచి అది అంతర్జాతీయ రక్షణ జాబితాలో ఉంది. దాని కోసం అడవుల్లో దుంగల దొంగలకూ పోలీసులకూ ఎన్ని కాల్పులు జరిగాయో మన పేపర్లు చదివేవాళ్ళకు చెప్పనక్కర్లేదు. అలాంటి కొయ్యతో చేసిన పావులు బజారులో ఇంత తేలిగ్గా దొరుకుతాయా? సాధారణంగా ఆ పేరుతో అమ్మేది పడాక్ అనే మరో ఎర్ర కొయ్య. చూడటానికి బాగుంటుంది, కొత్తలో నెత్తురు రంగు, ఏళ్ళు గడిచేకొద్దీ గోధుమ రంగుకి తిరుగుతుంది. పడాక్ అని చెప్పి అమ్మితే అడ్డేముంది? 2017 జనవరి నుంచి షీషమ్, రోజ్‌వుడ్ జాతులన్నీ సైటీస్ అనే వన్యజాతుల వ్యాపార ఒప్పందం కిందకి వచ్చాక విదేశాలకు సరుకు పంపే అమృత్‌సర్ వాళ్ళ మీద కాగితాల భారం పెరిగింది. అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఇక్కడి నుంచి సెట్టు పంపాలనుకునేవాళ్ళు కొయ్య పేరు రసీదు మీద రాయించుకోవడం మంచిది.

బల్లకి బుర్ర పెట్టాలన్న కోరిక పాతది. 1770లో వియన్నా ఆస్థానంలో కెంపెలెన్ ప్రదర్శించిన ‘తురుష్కుడు’ అనే యంత్రం యూరప్‌లో ఎందరినో ఓడించింది. లోపల ఒక మనిషి కూర్చుని ఆడేవాడన్నది అందరికీ తెలిసిన గుట్టే. లోపలివాడికి పైన ఏ ఎత్తు పడిందో ఎలా తెలిసేది అన్నదే ఇక్కడ మన ప్రశ్న. పావుల అడుగున అయస్కాంతాలు. ప్రతి గడి కింద దారానికి వేలాడే చిన్న లోహపు ముక్క. పావు వచ్చి కూర్చుంటే ముక్క పైకి అతుక్కుంటుంది, లేస్తే జారుతుంది. మోసం కోసం కనిపెట్టిన ఏర్పాటే గానీ, ఇవాళ దుకాణాల్లో ‘మాగ్నెటిక్ సెన్సర్ బోర్డు’ అని అమ్మే చవక బల్లలు చేసేది సరిగ్గా ఇదే. ఆ యంత్రం 1854లో ఫిలడెల్ఫియాలో అగ్నికి ఆహుతైంది. మోసం లేని యంత్రం రావడానికి 1912 దాకా ఆగాలి. స్పెయిన్ ఇంజనీర్ టోరెస్ కెవెదో, రాజూ ఏనుగూ తెల్లవైపు పెట్టి ఒంటరి నల్లరాజుని కట్టడి చేసే పరికరం చేశాడు. 1920 నాటి రెండో రూపంలో, బల్ల కింద అయస్కాంతం పావుని ఈడ్చుకుపోయేది. ముంబయి యువకులు 2016లో కిక్‌స్టార్టర్ ద్వారా అమ్మిన ‘స్క్వేర్ ఆఫ్’ బల్లలో తనంతట తాను కదిలే పావులకు తాతగారు ఆయనే.

ఇంట్లోకి కొనుక్కోగల చెస్ కంప్యూటర్ 1977లో అమెరికా ఫిడెలిటీ కంపెనీ ‘చెస్ చాలెంజర్’తో వచ్చింది. ఆటబల్ల పక్కనే కాల్‌క్యులేటర్ మాదిరి మీటలు. ఎత్తుని మీటలతో కొట్టి, మళ్ళీ చేత్తో పావు జరపాలి. తర్వాత గడిని పావుతో అదిమితే ఎత్తు తెలుసుకునే బల్లలొచ్చాయి. వాటిలో ప్రతి ఎత్తుకీ వేలు నొక్కుడు. 1982లో నోవాగ్ కంపెనీ రోబో చెయ్యి ఉన్న బల్లని చేసింది. అదొక ఆడంబరం. ఆటగాళ్ళ మన్నన దక్కింది మ్యూనిక్ నగరపు మెఫిస్టో బల్లలకే. నిజమైన కొయ్య గళ్ళు, టోర్నమెంటు కొలత, గడి గడికీ రీడ్ స్విచ్, పావు అడుగున అయస్కాంతం. జరిపితే చాలు, అదిమే పనిలేదు. రిచర్డ్ లాంగ్ రాసిన ప్రోగ్రాములతో అవి సూక్ష్మ కంప్యూటర్ల ప్రపంచ పోటీల్ని ఏళ్ళ తరబడి గెలిచాయి. తయారీదారు హెగెనర్ అండ్ గ్లేజర్ 1989లో ఫిడెలిటీని కొనేసింది. 1994లో హాంకాంగ్ సైటెక్ దాన్నే కొనేసింది. అప్పటికే ఇంటి కంప్యూటర్ మీద ప్రోగ్రాములు ఈ బల్లలన్నిటినీ మించిపోయాయి. 1997లో ప్రపంచ విజేత కాస్పరోవ్‌ని ఓడించిన డీప్ బ్లూ కంప్యూటర్ బరువు 1.4 టన్నులు. దాని బదులు కొయ్య పావులు జరపడానికి మాత్రం ఎదురుగా ఒక ఇంజనీరు కూర్చోవాల్సి వచ్చింది.

యంత్రాలు గెలిచినా బల్ల గెలవలేదన్నమాట. 1992లో నెదర్లాండ్స్‌లోని ఎన్‌షెడేలో మొదలైన డీజీటీ సంస్థ తొంభైల్లో ఆటకు వేరే దారి చూపింది. వాళ్ళ బల్ల ఆడదు, మాట్లాడదు, వెలగదు. మామూలు చెక్క బల్లే. 55 మిల్లీమీటర్ల గళ్ళు. ప్రతి పావు కడుపులో చిన్న తీగచుట్ట, ఒక కెపాసిటర్. బ్యాటరీ లేదు. బల్లలో పరిచిన తీగల నుంచి వచ్చే తరంగానికి, ఒక్కో రకం పావు ఒక్కో పౌనఃపున్యంలో స్పందిస్తుంది. తెల్ల గుర్రం ఒకటి, నల్ల గుర్రం మరొకటి, ఇలా పన్నెండు గొంతులు. బల్లకి ఏ గడిలో ఏ పావు ఉందో ఎప్పుడూ తెలుసు. పైన కూర్చున్న ఆటగాడికి ఇదేదీ తెలియక్కర్లేదు. నా ఉద్దేశంలో ఈ బల్ల విజయానికి కారణం అదే.

దాని వల్ల ప్రపంచం మారింది. అంతకుముందు పెద్ద టోర్నమెంట్లలో గోడ మీద పెద్ద డెమో బల్ల వేలాడదీసి, ఓ కుర్రాణ్ణి నిలబెట్టి ఎత్తులు మార్పించేవారు. ఇప్పుడు ఎత్తు పడిన క్షణంలో గుడివాడలోని ఇంటికి చేరుతుంది. కోనేరు హంపి రాపిడ్ ప్రపంచ టైటిళ్ళు 2019లో, 2024లో గెలిచినప్పుడు, 2024 సెప్టెంబరులో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో వరంగల్ అర్జున్ ఎరిగైసి, గుంటూరు ద్రోణవల్లి హారిక భారత జట్లతో స్వర్ణాలు తెచ్చినప్పుడు తెలుగిళ్ళలో జనం చూసింది ఫోన్ తెర మీద మెరిసే గళ్ళనే. అక్కడ హాల్లో మాత్రం కొయ్య పావు కొయ్య బల్ల మీదే కదిలింది. మోసాల భయంతో ఇప్పుడు చాలా పోటీల్లో ప్రసారాన్ని పదిహేను నిమిషాలు ఆలస్యం చేస్తున్నారు.

ఈ బల్లకో వింత అలవాటుంది. ఆట ముగిశాక ఇద్దరూ పావుల్ని అటూ ఇటూ జరిపి చర్చించుకుంటే, అవి కూడా ఎత్తులే అనుకుంటుంది. అందుకని ఒక సంకేతం పెట్టారు. తెల్లవాడు గెలిస్తే ఇద్దరు రాజుల్నీ మధ్యలోని తెల్ల గళ్ళలో, నల్లవాడు గెలిస్తే నల్ల గళ్ళలో, డ్రా అయితే ఒకటి తెల్ల గడిలో, ఒకటి నల్ల గడిలో నిలబెట్టాలి. ఆటల భాండాగారాల్లో కొన్ని ఆటల ఆఖరి ఎత్తుగా రాజు హఠాత్తుగా నడిబల్ల మీదికి దూకినట్టు రాసి ఉంటుంది. మొదటిసారి చూసినవాళ్ళు గ్రాండ్‌మాస్టర్‌కి మతిపోయిందనుకుంటారు.

ఇవాళ పిల్లలకి బల్ల కొనాలనుకునే తల్లిదండ్రులు విజయవాడలోనో హైదరాబాద్‌లోనో అడిగే ప్రశ్న ఒకటే: ఎలక్ట్రానిక్ బల్ల కొనమంటారా? ముందు తెలుసుకోవాల్సింది ఆ బల్లకు కళ్ళున్నాయా, స్పర్శ మాత్రమే ఉందా అని. తక్కువ ధర బల్లల్లో చాలావాటికి గడిలో ఏదో పావు ఉందని మాత్రమే తెలుస్తుంది, ఏదో తెలియదు. ఆట మొదటి అమరిక నుంచి లెక్క పెట్టుకుంటూ వస్తాయి. ఆట మధ్యలో పావు కింద పడి రెండు తారుమారైనా, బంటు చివరి గడికి చేరి మంత్రి కాకుండా గుర్రంగా మారినా, పుస్తకంలోని స్థితిని మధ్యలో పేర్చుకోవాలన్నా తికమక పడతాయి. పావుని గుర్తుపట్టే బల్లలకు తీగచుట్టో చిప్పో ఉన్న పావులు కావాలి. వాటి ధర ఎక్కువ, ఇంట్లో ఉన్న పాత చెక్క పావులు వాటి మీద పనికిరావు. ఎత్తు చూపే దీపాలు గడి మూలల్లో ఉంటే చీకట్లో అందంగా కనిపిస్తాయి గానీ, టోర్నమెంటు సాధనలో ఆ మెరుపులు చూపుని లాగుతాయి. ఆపివేయగలిగే ఏర్పాటు ఉందో లేదో అడగాలి. యాప్ ఎవరిది, ఫోన్ కొత్త వెర్షన్ వచ్చాక దాన్ని నవీకరిస్తారా అన్నది ఇంకా ముఖ్యం. ముప్పై ఏళ్ళ నాటి మెఫిస్టో నేటికీ కరెంటిస్తే ఆడుతుంది. మూడేళ్ళ కిందటి బల్ల, యాప్ ఆగిపోతే పీటగా మిగులుతుంది.

అకాడెమీకి వెళ్ళే పదేళ్ళ పిల్లకి నేనైతే ముందు ఇవేవీ చెప్పను. చుట్టి సంచిలో పెట్టుకునే వినైల్ షీటు, బరువున్న ప్లాస్టిక్ స్టాంటన్ పావులు, ఒక డిజిటల్ గడియారం. జిల్లా పోటీల్లో ఎదురయ్యేది అదే. ఇంట్లో చెక్క సెట్టు ఒకటుంటే, అది 9.5 సెంటీమీటర్ల రాజుతో, ఐదున్నర సెంటీమీటర్ల గడితో, షీషమ్‌దైనా చాలు. పిల్ల రేటింగ్ పెరిగి, దూరాన ఉన్న కోచ్‌తో రోజూ ఆడాల్సి వచ్చి, తెర ముందు కూర్చోవడం కళ్ళకి భారమైనప్పుడు, పావుని గుర్తుపట్టే బల్ల కొనడంలో అర్థముంది. అప్పుడు కూడా పెట్టెలో పావులు ముప్పై రెండా ముప్పై నాలుగా అని లెక్కపెట్టి తీసుకోండి. అదనపు మంత్రులు లేకపోతే, ఎనిమిదో వరుసకి చేరిన బంటు బదులు తలకిందులుగా పెట్టిన ఏనుగుని బల్ల ఒప్పుకోదు. ఒక తీగచుట్ట గుర్రం పోతే విడిగా అమ్ముతారో లేదో కూడా డబ్బు కట్టేముందే అడగాలి. చాలామంది అమ్మకందార్లు మొత్తం సెట్టు కొనమంటారు.